షోపేను ‘తుది మజూర్క’: పాఠవిమర్శ

ఫ్రెడరిక్ షోపేను పియానో కృతులలో 68వ సంఖ్యగల సంపుటమునందు నాలుగవదిగాఁ జేర్పఁబడిన ఎఫ్ మైనరు మజూర్క మిక్కిలి చిన్న రచన. దానిని వాయించుటకుఁ గొలఁది నిమిషములు చాలును. ఐనను దాని పాఠమునుగూర్చిన చిక్కు తీఱుటకు నూఱు సంవత్సరములు చాలలేదు. మాతృక యొక్కటియే, అదియు దిద్దుబాటులతోను, గొట్టివేసిన గీఁతలతోను నిండిన చిత్తుప్రతి. కర్త గతించిన పిమ్మట నొక మిత్రుఁడు దానిని జదివి శుద్ధప్రతి వ్రాసెను. మఱియొక మిత్రుఁడు దానిని ముద్రించెను. ఆ ముద్రితపాఠమే శతాబ్దమునకుఁ బైగా లోకమునఁ జెల్లుబడి యయ్యెను. మాతృకయం దున్న యొక భాగ మందు లేదని యిరువదవ శతాబ్దమునఁ గాని స్పష్టము కాలేదు. తాళపత్రగ్రంథముల పరిష్కరణమునందుఁ గృషిచేసిన పండితుల కిట్టి కథ క్రొత్తది కాదు. కాని యిచట మాతృకయం దున్నవి యక్షరములు గాక స్వరచిహ్నము లగుటచేతను, ఆ స్వరముల వెనుక నొక పల్లెనృత్యపు లయ యుండుటచేతను, మజూర్క యనఁగా నేమో ముందుగాఁ దెలిసికొననిదే యీ వివాదముయొక్క బరువు తెలియదు.

పోలండు దేశమున వార్సా నగరము చుట్టునున్న సీమకు మజోవియా యని పేరు. ఆ సీమవారిని మజూరు లందురు. వారి నృత్యమునకును ఆ పేరే వచ్చినది. మజూర్క యను సామాన్యనామముక్రింద వేర్వేఱు నడకలుగల మూఁడు నృత్యములు చేరియున్నవి: మజూర్, మందగమనముగల కుయావ్యాక్, వడిగాఁ దిరుగుచు నాడెడు ఒబెరెక్. మూఁటికిని ఆవర్తమునకు మూఁడేసి మాత్రలు. వాల్ట్సు నృత్యమునకును మూఁడు మాత్రలే. కాని యందు ఊనిక నియతముగ మొదటి మాత్రపైఁ బడును. మజూర్కయం దది రెండవ మాత్రపైనో మూఁడవ మాత్రపైనో పడును. ఆవర్తమున కావర్తమునకు స్థానము మాఱుటయుఁ గలదు. మొదటి మాత్రను రెండుగా విఱిచి తక్కిన రెంటిని నిలుపుట దీని సాధారణలక్షణము. తిస్రగతి కలవాటుపడిన చెవికిని ఈ యూనిక మొదట వింతగానే తోఁచును.

పల్లెలలో నీ యాటకుఁ దోడు ఫిడేలును, దూదా యను తిత్తివాద్యమును. తిత్తి యెడతెగక షడ్జపంచమములను బట్టియుండఁగా ఫిడేలు పైని బాట నల్లును. ఆ పాటలలోఁ గొన్నింట మధ్యమ మర్ధస్వరము పైకి జరిగి ప్రతిమధ్యమ మగును. శంకరాభరణ మనుకొని వినుచుండఁగాఁ గల్యాణి తొంగిచూచు నన్నచోఁ గర్ణాటకసంగీతముతోఁ బరిచయముగలవారికి విషయము తేటపడును. షోపేను మజూర్కలలో నీ రెండు లక్షణములును దఱుచుగాఁ గానవచ్చును. 68వ సంపుటముననే మూఁడవ మజూర్కయొక్క మధ్యభాగ మందుల కొక మంచి యుదాహరణము.

షోపేను 1810లో వార్సాకు సమీపమున జెలాజోవా వోలా యను గ్రామమున జన్మించెను. 1824, 1825 సంవత్సరముల వేసవి సెలవులను షఫార్నియా యను పల్లెయందుఁ గడపుచు, అచటి రైతుల యాటపాటలను జెవులార వినెను. 1830 నవంబరు 2వ తేదిని వార్సా విడిచెను. ఆ నెల 29వ తేదిని రష్యా ప్రభుత్వముపైఁ దిరుగుబాటు చెలరేఁగి, మఱుసటి సంవత్సరమున నణఁచివేయఁబడెను. అతఁడు మరల స్వదేశమును జూడలేదు. అప్పటికే, అనఁగా 1795 నాఁటికే, పోలండు రాజ్యము రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలచేఁ బంచుకొనఁబడి దేశపటమునుండి తొలఁగిపోయియుండెను. 1797లో ఇటలీయందలి పోలిష్ సేనలకై యూజెఫ్ విబిత్స్కీ వ్రాసిన గీతము మజూర్క నడకయందే యున్నది. 1927లో నదియే జాతీయగీతముగా నంగీకరింపఁబడినది. కావునఁ బారిసునందలి పోలిష్ ప్రవాసులకు షోపేను మజూర్క వట్టి యాటపాట కాదు. అట్లని యతఁడు వానిని ఆడుటకుఁ గాని యాడించుటకుఁ గాని వ్రాయలేదు. అతని జీవితకాలమున సంపుటసంఖ్యలతో వెలువడిన మజూర్కలు 41; నిజముగా నాటకుఁ బనికివచ్చునవి వానిలో మిక్కిలి తక్కువ. నృత్యము జ్ఞాపకముగా మాఱిన రచన లవి.

ఈ లయను వ్రాఁతలోఁ బట్టుట యెంత కష్టమో తెలుపు వృత్తాంతములు రెండు గలవు. షోపేను మజూర్క వాయించునపుడు మూఁడు గాక నాలుగు మాత్రలు వినఁబడుచున్న వని చార్లెస్ హాలే యను పియానోవిద్వాంసుఁడు 1845, 46 ప్రాంతమున అతనితో ననెను. షోపేను మొదట నొప్పుకొనలేదు. హాలే ప్రక్కన నిలిచి బిగ్గఱగా నాలుగు లెక్కపెట్టి చూపఁగా, అతఁడు నవ్వి, అది తన జాతి నృత్యముయొక్క స్వభావ మని సమాధానపఱచెను. మాయెర్బేర్ విషయ మట్లు ముగియలేదు. ప్రసిద్ధ నాటకసంగీతకర్త యైన యతఁడు 33వ సంపుటములోని సి మేజరు మజూర్కను విని, యిది రెండు మాత్రలది యనెనఁట. షోపేను మొగ మెఱ్ఱఁజేసికొని, పెన్సిలుతోఁ బియానోపైఁ దట్టి మూఁడు లెక్కపెట్టుచు వాయించెను. మాయెర్బేర్ తన మాట విడువలేదు. ఇరువురును గోపముతోనే విడిపోయి రని యచట నున్న శిష్యుఁడు విల్హెల్మ్ ఫన్ లెంట్స్ వ్రాసెను. ఇం దెవరిది యొప్పు, ఎవరిది తప్పు అనుట యిచట నప్రస్తుతము. ముద్రితపత్రమున మాత్రలు మూఁడే. గొప్ప విద్వాంసులకు వినఁబడినది వేఱు. కర్త జీవించియున్నంతకాలము వ్రాఁతకును వినికికిని నడుమ సాక్షి యతఁడే. అతఁడు పోయిన పిమ్మట మిగులునది కాగితము మాత్రము. అదియుఁ జిత్తుప్రతి యైనపుడు పరిష్కర్త పని యెట్టిదో యూహింపవచ్చును.

జీవితకాలమున ముద్రితములైన వానివిషయమునను షోపేను పాఠ మేకరూపముగా లేదు. అతని కృతులు ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు దేశములలో నించుమించుగా నొకేకాలమున వేర్వేఱు ప్రకాశకులచే ముద్రింపఁబడుచుండెను. ఒక్కొక్క ప్రకాశకునకుఁ జేరిన ప్రతి యొక్కొక్క తీరున నుండెడిది. కొన్ని స్వహస్తలిఖితములు, కొన్ని లేఖకులు వ్రాసినవి, కొన్ని దిద్దిన యచ్చుకాగితములు. ముద్రణమైన పిమ్మటను అతఁడు శిష్యుల ప్రతులలోఁ బెన్సిలుతో మార్పులు చేయుచుండెను. ఆ మార్పులు శిష్యుని కొకవిధముగా నుండుటయుఁ గలదు. ఇవన్నియుఁ గర్తృపాఠములే. కావున నతని రచనకు నిశ్చలమైన ఏకపాఠ మొకటి యుండితీఱవలె నను నభిప్రాయమే సరియైనది కాదు. అట్టి కర్త పూర్తిచేయని కృతికి శుద్ధపాఠ మిదియే యని నిశ్చయించుట మఱింత సాహసము.

1849 అక్టోబరు 17వ తేదిని షోపేను పారిసునందు మరణించెను. అప్పటి కతని వయస్సు 39 సంవత్సరములు. ముద్రణము కాని తన రచనలను గాల్చివేయవలసినదని అతఁడు కోరినట్లు సన్నిహితులు తెలిపిరి. తల్లియు సోదరీమణులును ఆ కోరికను జెల్లింపక, అతని బాల్యమిత్రుఁడైన యూలియాన్ ఫోంటానాకు ముద్రణాధికార మిచ్చిరి. ఫోంటానా సామాన్యుఁడు గాఁడు; 1841 వఱకు షోపేను కృతులకు శుద్ధప్రతులు వ్రాయుచు, ప్రకాశకులతో నుత్తరప్రత్యుత్తరములు జరుపుచు నుండిన నమ్మకమైన లేఖకుఁడు. అతఁడు 1855లో 66 మొదలు 73 వఱకు సంఖ్యలు వేసి, దొరకిన రచనలను వెలువరించెను. ఆ సంఖ్యలు షోపే నిచ్చినవి కావు. 68వ సంపుటములోని మొదటి మూఁడు మజూర్కలును 1827–1830 నడుమ నతఁడు వార్సాలో నుండఁగా వ్రాసిన తొలినాఁటి రచనలు. నాలుగవది పారిసులో పిదపకాలమున వ్రాసినది. నడుమ నంత యెడమున్న రచనలు నాలుగును ఒక్క దారమునఁ గ్రుచ్చఁబడినవి. సంపుట మను పేరుచేత వానికొక యైక్యము గల దని తలఁచువారు మోసపోవుదురు.

ఈ నాలుగవ మజూర్కకు మూలమైన చిత్తుప్రతి యొక కాగితము. అది వార్సానందు భద్రపఱుపఁబడియున్నది. షోపేను చిత్తువ్రాఁతలు తనకొఱకుఁ దాను వ్రాసికొన్నవి. కర్తకుఁ గంఠస్థమైనదానిని సంకేతమాత్రముగ విడుచుట, కొట్టివేసిన దాని ప్రక్కనే మఱియొకటి యిఱికించుట, ఏ ఖండము తరువాత నేది రావలెనో చెప్పకపోవుట యందు సాధారణము. ఈ కాగితము మిత్రుల చేతఁబడినపుడు దీనిని జదువుట యసాధ్య మని యనుకొనిరి. చదివినవాఁడు ఒగుస్త్ ఫ్రాన్షోము. ఇతఁడు వయొలిన్‌సెల్లో వాదకుఁడు. షోపేను తన సెల్లో సొనాటాను అంకితమిచ్చిన మిత్రుఁడు. ఎవ్వరికిని గొఱుకుడుపడని మజూర్కను ఫ్రాన్షోము చదివి వ్రాసినాఁ డని షోపేను శిష్యురాలు జేన్ స్టిర్లింగ్ 1852లో అతని యక్క లుద్వికకు లేఖ వ్రాసెను. ఫోంటానా ముద్రించినది ఆ ఫ్రాన్షోము ప్రతిపై నాధారపడిన పాఠమే.

ఆ పాఠమునందలి సంగీత మెట్టిదో కొంత చెప్పవలెను. కుడిచేతి పాట పైనుండి యర్ధస్వరము లర్ధస్వరములుగా జాఱుచు దిగును. ఎడమచేతిక్రింద నేకకాలమున మ్రోగు స్వరసమూహములును అట్లే యొక్కొక్క యర్ధస్వరము జాఱును. ఒక స్వరసమూహమునుండి వేఱొకదానికిఁ బోవునపుడు నిలుకడ దొరకునని చెవి యెదురుచూచును. దొరకునంతలో నదియు జాఱిపోవును. షడ్జ మేదియో నిశ్చయముగాఁ దెలియుటకుఁ జాలసేపు పట్టును. అంతలో నకస్మాత్తుగాఁ బాట ఎ మేజరునకుఁ బోవును. ఎఫ్ మైనరునుండి యది మిక్కిలి దూరపు శ్రుతి. అచటికిఁ బోయిన దారి కనఁబడదు, తిరిగివచ్చిన దారియు నంతే. ఇంతటి జాఱుడులోఁ గూడ మజూర్క మూఁడు మాత్రలు క్రింద నిలిచియే యుండును. ఇది కుయావ్యాక్ నడకకు దగ్గఱిది యనవచ్చును. కాని యే పల్లెయందును ఈ పాట కాడినవారుండరు.

చివర మరల మొదటికిఁ బొమ్మను గుఱుతును, ‘ముగింపు లేకుండ’ నను సూచనయు నున్నవి. ఈ సూచనపైఁ గొందఱు పెద్ద భవనమునే కట్టుదురు: మరణాసన్నుఁడైన కర్త అనంతత్వమును దర్శించి, యంతములేని గీతము వ్రాసినాఁ డని. వినుటకు సొంపుగానే యున్నది. కాని యిట్టి సూచనయే 1832లో వెలువడిన 7వ సంపుటములోని యయిదవ మజూర్కకును గలదు. అది సి మేజరునందలి యుల్లాసరచన. కర్తకు నప్పటికి 22 సంవత్సరములు. ఆడువా రలసి నిలుచువఱకుఁ బాటగాండ్రు మొదటికి మొదటికి వచ్చుచుండుట పల్లెయాటలలో వాడుక. ఆ వాడుకయే యీ సూచనకు మూలమని తలఁచుట సమంజసము. యువకుని రచనయం దది వాడుకయు, రోగి రచనయం దది వేదాంతమును ఎట్లగును?

ఫోంటానా తన ముద్రణమున నొక వివరణమును జేర్చెను. ఇది షోపేను మరణమునకుఁ గొంచెము ముందు కాగితముపై నుంచిన తుదిరచన యనియు, రోగపీడచే నతఁడు దీనిని బియానోపై వాయించి చూచుకొనలేకపోయె ననియు దాని తాత్పర్యము. ‘తుది మజూర్క’ యను పేరు లోకమున స్థిరపడుటకు నీ వివరణమే కారణము. దీనిని బరీక్షింపవలసియున్నది. ఫోంటానా 1844లో క్యూబాకుఁ బోయి, పిదప న్యూయార్కునందు నివసించెను. షోపేను మరణించునప్పటి కతఁడు అమెరికాలో నుండెను. అందుచేత నీ విషయమున నతఁడు ప్రత్యక్షసాక్షి గాఁడు. పారిసునందలి మిత్రులవలన విన్నదానినే వ్రాసియుండవలెను. విన్నవాఁడు నమ్మకస్థుఁ డగుట వేఱు, విన్నది నిజ మగుట వేఱు. 1985లో అమెరికా సంగీతపండితుఁడు జెఫ్రీ కాల్‌బెర్గ్ ఈ చిత్తుప్రతి 1845–46 ప్రాంతముది యని వాదించెను. 1847లో వెలువడిన 63వ సంపుటమునందలి రెండవ మజూర్కయు ఎఫ్ మైనరుదే. ఆ స్థానమున కుద్దేశించి యారంభించి, తృప్తిలేక విడిచిన రచన యిది కావచ్చు నని యతని యూహ. అట్లైనచో, ఇది రోగము పూర్తిచేయనీయని రచన కాదు. కర్త తెలిసియే ప్రక్కకుఁ బెట్టినది.

ఈ రెండు మతములకు నడుమ భేదము కేవలము కాలగణనముది కాదు. తుదిరచన యన్నచోఁ బరిష్కర్త కర్త పనిని బూరించుచున్నాఁడు. త్యక్తరచన యన్నచోఁ గర్త వలదన్నదానిని దెచ్చి సభలో నిలుపుచున్నాఁడు. ఊహ యూహయే యైనను, పరోక్షసాక్ష్యముపై నిలిచిన ఫోంటానా వివరణముకన్న కాల్‌బెర్గ్ మతమునకే యుపపత్తి యెక్కువ.

ఇఁక విడిచిపెట్టఁబడిన భాగము. చిత్తుప్రతియందు ఎఫ్ మేజరుననొక ఖండము గలదు. షడ్జ మదియే, గాంధారము మొదలగు స్వరములు మాఱి, కీరవాణివంటి ఛాయనుండి శంకరాభరణపు వెలుఁగునకు వచ్చునని చెప్పవచ్చును. ఫ్రాన్షోము ప్రతియం దది లేదు. కావున 1855 నాఁటి ముద్రణమునను లేదు. పోలిష్ పియానోవిద్వాంసుఁడును బరిష్కర్తయు నైన యాన్ ఎకియెర్ చిత్తుప్రతిని స్వయముగాఁ జదివి, ఆ ఖండమును జేర్చిన పాఠమును 1965లో వెలువరించెను. వోయ్‌చెహ్ నోవిక్ మొదలగు నితరులును దమతమ పఠనముల నిచ్చిరి. వీరి పాఠము లన్నియు నొకదానితో నొకటి సరిపోవు. ఖండముల యానుపూర్వియందే మతభేదములు గలవు.

ఫ్రాన్షోము దానిని విడుచుటకుఁ గారణములు రెండు ఊహింపవచ్చును: చదువలేకపోవుట, లేక కర్త దానిని ద్యజించె నని తలఁచుట. మొదటిదే యైనచో నతనిని దూషింపఁబనిలేదు. తాను జదువఁగలిగినదానిని వ్రాసి, చదువలేనిదానిని స్వకల్పితముతోఁ బూరింపక విడిచిన లేఖకుఁడు దొరకుట పరిష్కర్తల యదృష్టము. తెలియనిచోట సొంతపాదము లల్లిన లేఖకుల చేతఁబడి మన ప్రబంధము లెట్లు చెడినవో పండితు లెఱుఁగుదురు. లోప మతని ప్రతియందుకన్న దానిని ముద్రించిన విధమున నెక్కువ యున్నది. ఇం దొక భాగము లేదను సూచన పాఠకునకుఁ జేరలేదు. దానిచేత సమగ్రకృతి యను భ్రాంతి గలిగెను. ఆ ఖండ మున్నచో రచనకు నడుమ నొక తేటదన ముండును. షోపేను మజూర్కలలో నట్టి మధ్యభాగము సామాన్యమే. అది లేకపోవుటచే రచన యెడతెగని చీఁకటిగాఁ గానవచ్చును. ఆ చీఁకటిని గర్త మరణశయ్యకు ముడివెట్టి చేసిన వ్యాఖ్యానములకు, కాగితముపై నొక మూల చదువఁబడని వరుసలే కొంతవఱకు నాధారము లైనవి.

అట్లని ఎకియెర్ పాఠము రాఁగానే 1855 నాఁటి పాఠమును ద్రోసివేయుటయు న్యాయము గాదు. శతాబ్దమునకుఁ బైగా విద్వాంసులు వాయించినది, శ్రోతలు విన్నది అదియే. దానికి గ్రాహ్యపాఠ మను గౌరవము గలదు. పూరితపాఠమో, యెంత నిపుణముగాఁ జేసినను, క్రమనిర్ణయమునఁ బరిష్కర్త బుద్ధికే కట్టుపడియుండును. రెండును బ్రక్కప్రక్క నిచ్చి, పూరించిన చోటులను గుఱుతులచే వేఱుపఱచి, చిత్తుప్రతి ప్రతిబింబమును జతచేయుట యుత్తమమార్గము. రెంటిని గలగలపి మూఁడవ పాఠ మొకటి పుట్టించుటకన్న ననుచితము లేదు. వాదకు లిట్లు చేయుటయు నున్నది.

కాల్చివేయు మన్న కోరికమాట మిగిలినది. దానిని బాటించియున్నచో 66వ సంఖ్యతో ఫోంటానా ముద్రించిన ఫాంటసీ ఇంప్రొంప్తు సైతము లోకమునకు దక్కకపోయెడిది. ఆ విషయమున లోకము తీర్పు చెప్పివేసినది. ఇప్పుడు దానిని మార్పించుట యెవరితరమును గాదు. పోలండునందు 1959లో ఎకియెర్ సంపాదకత్వమున నారంభమై 2010లో ముగిసిన జాతీయముద్రణము కర్త కోరికను వేఱువిధముగ గౌరవించినది. అం దతఁడు స్వయముగా వెలువరించిన కృతు లొక శ్రేణియందును, మరణానంతరము వెలువడినవి రెండవ శ్రేణియందును జేర్పఁబడినవి. ఎఫ్ మైనరు మజూర్క రెండవ శ్రేణిలోనిది. కచేరీపట్టికలలో మాత్ర మది ఫోంటానా వేసిన 68వ సంఖ్యతోనే కానవచ్చుచున్నది.